అప్పుడప్పుడు

సోమవారం ఓపీ. పెద్దాసుపత్రి మూడో అంతస్తు, చెవుల విభాగం వరండా.
నా చేతిలో టాబ్లెట్, దాని కడుపులో ముప్పైరెండు ప్రశ్నలు.
చదువు రానివాళ్ళకి చదివి వినిపించి
వాళ్ళు చెప్పినచోట వేలుపెట్టి నొక్కడం నా కొలువు.
జీతం మాత్రం అప్పుడప్పుడు.

ఇరవైమూడో నెంబరు పోలేశ్వరి, పెదజాలరిపేట.
ఆరేళ్ళ ఎల్లాజీని ఇంకా చంకలోనే మోస్తోంది,
బీచిరోడ్డు మీద హారన్లు వాడి వీపు దగ్గరే ఆగిపోతాయని.
మిషను వాడి చెవికి లేదు.
బియ్యం పోసిన హార్లిక్స్ సీసాలో ఉంది,
ఉప్పుగాలికి చెమ్మ పట్టకుండా.

పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా?
ఎన్నడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ.
"ఎల్లప్పుడూనమ్మా."
కాలింగ్ బెల్లు మోగితే గుర్తుపడతాడా?
"ఎల్లప్పుడూ."
బెల్లుందా మీ ఇంటికి?
"తలుపే నేదు. పాత వల కట్టీసేం."
మిషను రోజంతా పెట్టుకుంటాడా?
సీసా కొంగుచాటుకి వెళ్ళింది.
"ఎల్లప్పుడూ."

ప్రశ్నలు ఇరవై దాటేసరికి
తెర పైన పచ్చగీత నిండుతూ వచ్చింది.
ఈ లెక్కన వీడి చెవులు నా చెవులకన్నా మెరుగు.
నిజం చెప్పు అనలేదు నేను.
ఆ మాట ఆమె చాలా కౌంటర్ల దగ్గర విని ఉంటుంది.
టాబ్లెట్ బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడడిగింది, గొంతు తగ్గించి:
"తక్కువ మార్కులొస్తే మిషను ఎనక్కి లాగీసుకుంటారట గదా?
మా వీధిలో అంటన్నారు."
ఇది పరీక్ష కాదన్నాను.
"పరీచ్చ కాకపోతే ఆ గీత ఎందుకు నిండతంది?"
నా దగ్గర జవాబు లేదు.

ఓడ కూత వింటాడా? ఫారంలో లేని ప్రశ్న వేశాను.
"పొట్ట మీద సెయ్యెట్టుకుంటాడు. అక్కడ ఇనపడతదేమో."
రేకుల మీద వాన?
"నేను పైకి సూస్తాను. నన్ను సూసి ఆడు సూస్తాడు."
వాళ్ళ నాన్న బోటు?
"ఇంజిను కాదమ్మా. కాకులు లెగుస్తాయి గదా,
ఆటిని సూసి పరిగెడతాడు.
పేటంతా ఆడే ముందు ఇన్నాడనుకుంటారు."
ఆ పొద్దున మొదటిసారి నవ్వింది.

వెనక్కి బాణం నొక్కాను, ఇరవైసార్లు.
మొదటి ప్రశ్న మళ్ళీ వచ్చింది.
"ఎదురుగుండా పిలిస్తే నోరు సూసి వొస్తాడు.
ఎనకనుంచైతే, గాలి నేనప్పుడు, బేటరీ కొత్తదైతే,
ఆడికి బుద్ధి పుడితే.
దీనికేటి నొక్కుతావు?"
అప్పుడప్పుడు నొక్కాను.
ఆ ఒక్క మాటలో గాలీ, బేటరీ, బుద్ధీ
షేరాటోలో జనంలా సర్దుకుని కూచున్నాయి.

ఆఖర్న ఖాళీ గడి: ఇంకేమైనా చెప్పదలిచారా?
మైకు గుర్తు నొక్కి ఆమె ముందు పెట్టాను.
మా గుంటడు అంటే మా గంటలు అని రాసుకుంది టాబ్లెట్.
ఇనపడదు అంటే ఇనప డబ్బా అంది.
జాలరిపేట మాట దానికీ అంతంతమాత్రమే.
అంతా చెరిపి చేత్తో రాశాను, ఆమె అన్నది అన్నట్టే,
నేదు దగ్గర లేదు పెట్టకుండా.

పంపించు నొక్కితే చక్రం తిరగడం మొదలెట్టింది.
సిగ్నలు లేదు. ఎల్లాజీ వేలు కూడా
దాంతోపాటు గాల్లో తిరిగింది, అది ఆగేదాకా.
పోలేశ్వరి సీసా మూత తీసి, బియ్యపు నూక ఊది,
మిషను వాడి చెవికి తగిలించింది.

మెట్ల దగ్గర వాడు చంక దిగి నడుస్తుంటే
ఎందుకో, వెనకనుంచి పిలిచాను. ఎల్లాజీ!
ఆమె తిరిగింది.
వాడూ తిరిగాడు.
నన్ను విన్నాడో, ఆమె మెడ తిరగడం చూశాడో.

ఫారం అప్పటికే వెళ్ళిపోయింది.